కెమెరా చెకింగ్ సిస్టమ్ కొంటున్నారా, మీ ప్యాకెట్లు మీరే పట్టుకెళ్లండి

గుంటూరు చుట్టుపక్కల కారం, మసాలా ప్యాకింగ్ యూనిట్లు నడిపే మనవాళ్లకి చెబుతున్నా. ప్యాకెట్ మీద తేదీ సరిగ్గా పడిందో లేదో కెమెరాతో చూసి, పడనివాటిని పక్కకి తోసే సిస్టమ్ అంటూ ఎవరైనా వస్తే ఆ ఊపులో అడ్వాన్స్ ఇచ్చెయ్యకండి. నేను ఇచ్చి ఇరుక్కున్నా. పేరు రాయను, గొడవ ఇంకా తేలలేదు.

డెమో అదిరింది. వాళ్లు తెచ్చిన కవర్‌ని టేబుల్ మీద కదలకుండా పెట్టి చూపించారు, తేదీ చుట్టూ పచ్చ గీత టక్కున వచ్చింది. మా షెడ్డులో బెల్టు సెకనుకి అర మీటరు నడుస్తుంది. కెమెరా షట్టర్ సెకనులో 100వ వంతు తెరుచుకునేలా పెట్టారు, అంటే ఆలోపు ప్యాకెట్ 5 మిల్లీమీటర్లు జరిగిపోతుంది, అంకె ఎత్తేమో 3 మిల్లీమీటర్లు. ఇంక ఆ అంకె 3 అయినా 8 అయినా ఒకటే మసక. 2000వ వంతుకి తగ్గించమంటే ఫొటో చీకటైపోయింది, 20 రెట్లు వెలుతురు కావాలి మరి, వాళ్లు బిగించింది రెండు మామూలు ఎల్‌ఈడీ పట్టీలు. అవీ నేరుగా పైనుంచి కొట్టేసరికి మా మెరిసే కవర్ మీద తెల్లటి చార, సరిగ్గా తేదీ మీదే. ఇలాంటి కవర్‌కి గిన్నె బోర్లించినట్టుండే డోమ్ లైటు పెడితే వెలుతురు అన్నివైపులా మెత్తగా పడుతుందని తర్వాత ఇంకొకాయన చెబితే తెలిసింది.

పొద్దున బాగానే ఉండేది, మూడింటికి పడమటి తలుపులోంచి ఎండ పడగానే మంచి ప్యాకెట్లన్నీ రిజెక్ట్ బుట్టలో. సాయంత్రానికి లెన్స్ మీద ఎర్రగా కారం దుమ్ము. కారం మిల్లుకి వచ్చి దుమ్ము లెక్క వేసుకోకపోవడం ఏంటో!

అడిగితే సిస్టమ్ అమ్మినాయన "99 శాతం కరెక్ట్ సార్" అంటాడు. మా దగ్గర వెయ్యిలో తేదీ పడనివి 5 వస్తాయనుకోండి, కెమెరా కళ్లు మూసుకుని అన్నీ బాగున్నాయన్నా 99.5 శాతం కరెక్టే! అందుకే చెడ్డవి ఎన్ని వదిలింది, మంచివి ఎన్ని తోసేసింది, రెండూ విడివిడిగా రాసిమ్మనండి. మీ కవర్లలోనే తేదీ చెరిగినవి ఓ వంద కలిపి, మీ బెల్టు స్పీడులో, మీ షెడ్డులో, మధ్యాహ్నం ఎండలో నడిపించాకే డబ్బు సంగతి.

ఇవ్వాల్సిన మిగతా 30 శాతం డబ్బు నేను ఆపేశా, రోజూ వాళ్ల ఫోన్లు. కెమెరా స్టాండుకి అలాగే వేలాడుతోంది, ప్యాకెట్లు మాత్రం మళ్లీ మా దగ్గర పనిచేసే అక్కే చూస్తోంది.