సోషల్ వర్కర్ నుంచి ఎర్లీ హెల్ప్‌కు: మధ్యలో ఐదు వారాలు

ఇంగ్లండ్‌లో పిల్లల విషయమై సోషల్ సర్వీసెస్ వాళ్లు ఇంటికి వచ్చారంటే మన తెలుగువాళ్లు ఆ మాట గడప దాటనివ్వరు. నేనూ చాలాకాలం దాటనివ్వలేదు. తెనాలిలో ఉన్న మా అమ్మకు ఇప్పటికీ తెలియదు. మొన్న మా కేర్ హోమ్‌కు మారి వచ్చిన నెల్లూరు అమ్మాయి, టీ తాగే సమయంలో నా పక్కన కూర్చుని, ఫోనులో ఒక ఉత్తరం ఫొటో చూపించి, "అక్కా, పిల్లల్ని తీసుకెళ్లిపోతారా?" అని అడిగింది. ఆమె చేతులు వణకడం చూశాక ఇక దాచకూడదనిపించింది. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మా కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) పిల్లల విభాగం మమ్మల్ని సోషల్ వర్కర్ పర్యవేక్షణ నుంచి, కష్టం ముదరకముందే కుటుంబానికి తోడ్పడే ఎర్లీ హెల్ప్ అనే సాయానికి పంపిన తీరు గురించి ఇది. ఆఫీసు భాషలో దాన్ని స్టెప్ డౌన్ అంటారు. కౌన్సిల్ పేరు చెప్పను. మాకు మేలూ జరిగింది, లోపమూ జరిగింది. రెండూ చెబుతాను.

ముందు మా తప్పు. నేను 2022 చివర్లో కేర్ వర్కర్ వీసా మీద వచ్చాను. మా వారికి గిడ్డంగిలో పని, ఉదయం 6 గంటలకు మొదలు, ఇంట్లోంచి 5 గంటల 15 నిమిషాలకే బయలుదేరాలి. నాకు రాత్రి షిఫ్టు, ఇంటికి చేరేసరికి 8 దాటేది. వారంలో రెండు రోజులు ఆ మూడు గంటలు ఎనిమిదేళ్ల పాప, మూడేళ్ల బాబు ఇంట్లో ఒంటరిగా నిద్రపోయేవారు. నిద్రలోనే ఉంటారు కదా అనుకున్నాం. 2023 అక్టోబరులో ఒక గురువారం తెల్లవారకముందే బాబు లేచి, నన్ను వెతుక్కుంటూ, కాళ్లకు చెప్పులు లేకుండా రోడ్డు మీదికి వెళ్లాడు. ఎదురింటి పెద్దావిడ చూసి, తన కోటు కప్పి, ఎత్తుకుని, పోలీసులకు ఫోను చేసింది. తెనాలిలో అయితే పక్కింటివాళ్లు లోపలికి తీసుకెళ్లి పాలు పట్టేవారు, పోలీసులను పిలిచేవారు కాదు అని ఆ రోజు ఎంతో కోపం వచ్చింది. కానీ తెనాలిలో పక్కింటివాళ్లకు మా సంగతులన్నీ తెలుసు. ఇక్కడ ఏడాది కాపురంలో మేం ఆవిడను ఒక్కసారి కూడా పలకరించలేదు.

ఇంగ్లండ్‌లో పిల్లల్ని ఇన్నేళ్లు వచ్చేదాకా ఒంటరిగా వదలకూడదని చట్టం ఒక వయసు పెట్టలేదు. అయితే ప్రమాదం కలిగేలా వదిలితే అది నేరమే. 1989 నాటి బాలల చట్టంలో 47వ సెక్షన్ ప్రకారం, పిల్లలకు తీవ్రమైన హాని జరుగుతోందనో జరగవచ్చనో అనుమానించడానికి తగిన కారణం ఉంటే కౌన్సిల్ విచారించాలి. మా విషయంలో విచారణ అక్కడే ఆగి, 17వ సెక్షన్ కింద చైల్డ్ ఇన్ నీడ్ ప్లాన్ వేశారు. సాయం అందకపోతే ఆరోగ్యమో ఎదుగుదలో దెబ్బతినే పిల్లలకు వేసే ప్రణాళిక అది. దానికి ముందు మా ఇంటి పరిస్థితిని అంచనా వేశారు. ఆ అంచనాకు గరిష్ఠ గడువు 45 పనిదినాలు. నెల్లూరు అమ్మాయి భయానికి నేరుగా జవాబు చెప్పాలంటే, తల్లిదండ్రుల సమ్మతి గానీ కోర్టు ఉత్తర్వు గానీ లేకుండా సోషల్ వర్కర్ పిల్లల్ని తీసుకెళ్లలేరు. తక్షణ ప్రమాదం ఉన్నప్పుడు పోలీసులకు మాత్రం 72 గంటల వరకు పిల్లల్ని తమ రక్షణలో ఉంచే అధికారం ఉంది. ఈ రెండు వాక్యాలు మొదటి రోజే మాకు ఎవరైనా తెలుగులో చెప్పి ఉంటే ఎన్నో రాత్రులు నిద్రపోయేవాళ్లం.

తెలుగులో చెప్పకపోవడం చిన్న లోపం కాదు. మొదటిసారి హిందీ దుబాసీని పెట్టారు. భారతదేశం అంటే హిందీ అనుకున్నారు. నాకు వచ్చిన హిందీ సినిమాలు చూసి నేర్చుకున్నది. రెండోసారి ఫోనులో తెలుగు ఆవిడ దొరికారు, మంచి మనిషి, కానీ ఆఫీసు మాటలను ఉన్నవున్నట్టు తెలుగు చేశారు. చైల్డ్ ఇన్ నీడ్ అన్నది 'అవసరంలో ఉన్న బిడ్డ' అయింది. తిండిలేని పిల్లలని రాసుకున్నారా అని మా వారి ముఖం మాడిపోయింది. 'మీ కేసు' అన్న ప్రతిసారీ నాకు పోలీసు స్టేషను, కోర్టు బోను కనిపించాయి. మన భాషలో కేసు అంటే అదే కదా. ఇక స్టెప్ డౌన్ 'కిందికి దించడం' అయింది. మంచి వార్త చెబుతున్నామనుకుని వాళ్లు నవ్వుతుంటే, మా స్థాయి ఏదో తగ్గించారని నేను ఏడ్చాను. అది శిక్ష తగ్గడం కాదనీ, పెద్ద ప్రమాదం తగ్గిందని వాళ్లు ఒప్పుకోవడమేననీ తరువాత మా సోషల్ వర్కర్ కాగితం మీద మెట్లు గీసి చూపిస్తే అర్థమైంది.

ఆ సోషల్ వర్కర్ గురించి నాకు ఫిర్యాదు లేదు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. వచ్చినప్పుడల్లా బూట్లు గుమ్మం దగ్గర విప్పేది. పిల్లలతో నేల మీద కూర్చునేది. చెప్పాల్సిన కఠినమైన మాట మా కళ్లలోకి చూసి చెప్పేది. వీసా సంగతి అడిగితే, మాలాంటి వాళ్ల వీసా మీద ఉండే 'ప్రభుత్వ నిధులు పొందరాదు' అన్న షరతులోకి 17వ సెక్షన్ సాయం రాదని వివరించింది. ఆ ఐదు నెలలూ మా వారి కంపెనీ తాత్కాలికంగా మధ్యాహ్నం షిఫ్టు ఇచ్చింది. పిల్లలు ఒక్క నిమిషం కూడా ఒంటరిగా లేరు.

2024 మార్చిలో ఉత్తరం వచ్చింది. రెండు పేరాలు, ఇంగ్లీషులో. పురోగతి బాగుంది, ప్లాన్ ముగిస్తున్నాం, ఎర్లీ హెల్ప్ బృందానికి పంపాం, వాళ్లు మిమ్మల్ని సంప్రదిస్తారు. ఆ సాయంత్రం గారెలు వండాను.

ఐదు వారాలు ఎవరూ సంప్రదించలేదు.

నెలాఖరుకు మా వారి తాత్కాలిక షిఫ్టు అయిపోయింది. మళ్లీ ఉదయం 6 గంటలు. అంటే మమ్మల్ని ఇందులోకి తెచ్చిన అదే మూడు గంటల ఖాళీ తిరిగి వచ్చిందన్న మాట. కౌన్సిల్‌కు ఫోను చేశాను. మీ కేసు మా దగ్గర మూసేశాం అన్నారు. ఎర్లీ హెల్ప్ వాళ్లు, మీ పేరు జాబితాలో ఉంది, ఇంకా ఎవరికీ అప్పగించలేదు అన్నారు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు. నేను రాత్రి షిఫ్టులు వదులుకున్నాను, ఆ నెల జీతం తరిగింది, అద్దె ఆలస్యమైంది. ఒక రాత్రి పాప నా దగ్గరికి వచ్చి, "అమ్మా, నువ్వు పనికి వెళ్లు. పై గొళ్లెం వేసుకుని తమ్ముణ్ణి నేను చూసుకుంటాను. ఈసారి నిద్రపోను" అంది. ఈసారి నిద్రపోను! ఆ అక్టోబరు తెల్లవారుజామున తప్పు తనదేనని ఆ పసిది ఆరు నెలలుగా మోస్తోందని నాకు అప్పుడు తెలిసింది. ఈ సేవ నడిపేవాళ్లు ఎవరైనా ఇది చదివితే ఆ ఒక్క మాట దగ్గర ఆగమని అడుగుతున్నాను. ప్లాన్ ముగిసిన తేదీకి, కొత్త మనిషి మా తలుపు తట్టిన తేదీకి మధ్య ఎంత ఎడం ఉందో వాళ్ల కంప్యూటర్‌లో ఒక అంకె. మా ఇంట్లో అది పాప మెలకువగా గడిపిన రాత్రులు.

కదిలించింది బడి. పాప తరగతిలో కునుకు తీస్తోందని అక్కడ పిల్లల బాగోగులు చూసే ఆవిడ నన్ను పిలిచి అడిగింది. విన్నాక రెండు ఆఫీసులకూ తనే ఫోను చేసి, మే నెలలో అందరినీ బడిలో ఒక చిన్న గదిలో కూర్చోబెట్టింది. పేరుకు ఉత్తరంతో ముగిసిన అప్పగింత నిజంగా జరిగింది ఆ 50 నిమిషాల్లో. మా పాత సోషల్ వర్కర్ తన లెక్కలో కేసు మూసేసినా వచ్చింది. ఎర్లీ హెల్ప్ నుంచి ఫ్యామిలీ సపోర్ట్ వర్కర్ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి, ముగ్గురు పిల్లల తల్లినని తనే చెప్పింది. ఐదేళ్లలోపు పిల్లల్ని చూసే హెల్త్ విజిటర్ ఫోనులో ఉంది, తెలుగు దుబాసీ ఇంకో ఫోనులో.

అక్కడ జరిగిన మంచి పని చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. అప్పుడు భయపడింది ఎందుకు, ఈ కుటుంబం ఏం మార్చుకుంది, ఇంకా ఏం మిగిలింది అని సోషల్ వర్కర్ కొత్తావిడకు మా ముందే చెప్పింది. మేం విన్నాం, ఒకచోట సరిదిద్దాం. మొత్తం కథ మొదటి నుంచి ఇంకో మనిషికి చెప్పుకుని మళ్లీ సిగ్గుపడే అవసరం లేకపోయింది. తరువాత కొత్త ప్రణాళిక రాశారు. పాతదానిలో పదకొండు వాక్యాలు, దాదాపు అన్నీ మేం చేయకూడనివి. కొత్తదానిలో నాలుగే. ప్రతిదాని పక్కన ఎవరు చేస్తారో రాశారు, అందులో రెండిటికి వాళ్లవే పేర్లు. కింద ఒక వాక్యం: పిల్లల్ని మళ్లీ ఒంటరిగా వదిలితే తిరిగి సోషల్ వర్కర్‌కు పంపుతాం. దాచకుండా రాసినందుకు నాకు గౌరవం కలిగింది. చివరికి ఎర్లీ హెల్ప్ మీ ఇష్టపూర్వకం, వద్దనవచ్చు అని అడిగి సంతకం తీసుకున్నారు. చైల్డ్ ఇన్ నీడ్ ప్లాన్‌కు కూడా తల్లిదండ్రుల అంగీకారం కావాలట. ఆ రోజుల్లో కాదనే ధైర్యం మాకు లేదు. ఈసారి మాత్రం ఇష్టంగానే చేశాను.

ఫ్యామిలీ సపోర్ట్ వర్కర్ ఏడు నెలలు వచ్చింది. మొదటి పని మా వారి షిఫ్టు. పని వేళలు మార్చమని అడిగే హక్కు 2024 ఏప్రిల్ 6 నుంచి ఉద్యోగంలో చేరిన మొదటి రోజే వస్తుందనీ, యజమాని రెండు నెలల్లో తేల్చాలనీ ఆమె చెబితేనే తెలిసింది. మా వారు రాసిన ఉత్తరంలో క్షమాపణలన్నీ కొట్టేయించి, కావలసిన వేళలు మొదటి వాక్యంలో పెట్టించింది. ఆరో వారంలో ఉదయం 9 గంటలకు మొదలయ్యే షిఫ్టు ఖాయమైంది. పాపకు బడిలోనే ఉదయం బ్రేక్‌ఫాస్ట్ క్లబ్ కుదిర్చింది. బాబుకు నర్సరీ సంగతి చూస్తే, ఇంగ్లండ్‌లో మూడు, నాలుగేళ్ల పిల్లలందరికీ వారానికి 15 గంటలు ఉచితమనీ, దానికి తల్లిదండ్రుల వీసాతో సంబంధం లేదనీ తేలింది. ఏడాదిగా ఉన్న హక్కు మాకు తెలియనే తెలియదు. పాపతో ఆమె ఒంటరిగా నాలుగుసార్లు కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. పాప రాత్రిళ్లు నిద్రపోవడం మొదలుపెట్టింది.

లోపాలూ ఉన్నాయి. ఆమె వేళలన్నీ ఆఫీసు వేళలు, రాత్రి పనిచేసి వచ్చిన మనిషికి ఉదయం 11 అంటే అర్ధరాత్రి. దుబాసీ దొరకలేదని ఒకసారి పాప చేతే మాటలు చెప్పించబోయారు. నేను ఒప్పుకోలేదు. పెద్దవాళ్ల తప్పుల గురించి పిల్ల నోటితో చెప్పించడం తప్పు. మీరూ ఒప్పుకోకండి, దుబాసీని అడగడానికి మొహమాటపడకండి.

వీళ్ల సమావేశాల్లో సున్నా నుంచి పది వరకు ఒక గీత గీసి, పిల్లల భద్రత ఎక్కడ ఉందో ప్రతి ఒక్కరినీ చెప్పమంటారు. 1990లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో పుట్టిన పద్ధతి అది. మొదటిసారి పరీక్ష అనుకుని నేను 10 అన్నాను, సోషల్ వర్కర్ 4 అంది. 2024 డిసెంబరులో చివరి సమావేశంలో నేను 8 అన్నాను, వాళ్లూ అదే అన్నారు. అదే గీత మీద వాళ్లకు నా లెక్క: సోషల్ వర్కర్‌కు 8, ఎర్లీ హెల్ప్‌కు 9, ఒకరి నుంచి ఇంకొకరికి అప్పగించిన తీరుకు 3. బడి ఆవిడ లేకపోతే ఆ 3 కూడా ఇవ్వను.

2022 మేలో, ఇంగ్లండ్‌లో పిల్లల సంక్షేమ సేవలపై జోష్ మెకాలిస్టర్ నేతృత్వంలో జరిగిన సమీక్ష ఈ రెండు సేవలనూ కలిపి ఫ్యామిలీ హెల్ప్ అని ఒకటే చేయమంది. 2025 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్ అంతటా ఆ మార్పు మొదలైంది. మంచిదే. బోర్డు మీద పేరు కలిసినా, వచ్చే మనిషి మారినప్పుడు పాతవారూ కొత్తవారూ ఒకే గదిలో కుటుంబం ముందు కూర్చోవాలి. మీకు స్టెప్ డౌన్ అని ఉత్తరం వస్తే, ప్లాన్ ముగించకముందే ఆ సమావేశం పెట్టమనండి, కొత్తగా వచ్చేవారి పేరు, మొదటిసారి వచ్చే తేదీ రాసి ఇమ్మనండి.

ఒక మాట మిగిలింది. ఫ్యామిలీ సపోర్ట్ వర్కర్ రెండోసారి వచ్చినప్పుడు, తెల్లవారుజామున ఐదింటికి ఏదైనా జరిగితే ఎవరికి ఫోను చేస్తారని అడిగింది. ఈ ఊళ్లో మాకు ఒక్క పేరు కూడా లేదు. ఆమె కిటికీలోంచి ఎదురింటివైపు చూసింది. నాకు మనసు ఒప్పలేదు. మూడు వారాలు పట్టింది. ఒక ఆదివారం పులిహోర డబ్బా పట్టుకుని, బాబును వెంటబెట్టుకుని వెళ్లి తలుపు తట్టాను. ఆవిడ మొదట వాడి కాళ్లవైపు చూసింది, బూట్లున్నాయా అని. ఇప్పుడు మా ఇంటి రెండో తాళంచెవి ఆవిడ వంటగదిలో మేకుకు వేలాడుతోంది.