కైలాసపురం మాల్, కంచరపాలెం రైతు బజార్

విశాఖ కైలాసపురంలో, 17 ఎకరాల పోర్టు స్థలంలో పెద్ద మాల్‌కి 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. అప్పటి నుంచీ నాకు ఒకటే గుబులు: మా కంచరపాలెం రైతు బజార్ ఏమైపోతుంది?

మాల్‌లో సుఖం ఉంది, కాదనను. మే నెల ఉక్కపోతలో ఏసీ, శుభ్రమైన బాత్రూములు, కారు పెట్టుకోవడానికి చోటు. కుర్రాళ్లకి ఉద్యోగాలూ వస్తాయి.

రైతు బజార్ సంగతి వేరు. 1999లో మొదలైన ఈ పద్ధతిలో మధ్యలో దళారీ ఉండడు, పండించిన మనిషే తూచి ఇస్తాడు. ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి. పొద్దున్నే వెళ్తే తోటకూర వేళ్లకి ఇంకా తడి మట్టి అంటుకునే ఉంటుంది. "ఏటమ్మా, నిన్న రాలేదేటి?" అంటూ ఆకుకూరలామె సంచిలో గుప్పెడు కరివేపాకు పడేస్తుంది. మాల్‌లో అదే కరివేపాకు ప్లాస్టిక్ కవర్లో, ధర స్టిక్కర్‌తో ఉంటుంది. బట్టలకీ పిల్లల ఆటలకీ నేనూ మాల్‌కే వెళ్తానేమో. కూరలకి మాత్రం వెళ్లను.

అన్నిటికంటే టెన్షన్ ట్రాఫిక్ గురించి. సాయంత్రమైతే హైవే ఇప్పటికే కదలదు. పండగ రోజుల్లో ఆ కార్లన్నీ ఒకేసారి దిగితే అంబులెన్స్ ఎటు నుంచి వెళ్తుందో మాకు ముందే చెప్పాలి.