హామ్‌స్టర్ కడుపుకి ఏది మేలు: పెల్లెట్లా, ఇంటి గింజలా?

విశాఖపట్నంలోనో భువనేశ్వర్‌లోనో కొని, రాయగడకో పర్లాకిమిడికో తెచ్చిన హామ్‌స్టర్ పిల్లకి మొదటి వారమే గండం. పాలు మానిన 3 నుంచి 8 వారాల వయసు, ప్రయాణపు బెదురు, దానికి తోడు కొత్త తిండి. వెట్ టెయిల్ అనే విరేచనాల జబ్బు ఎక్కువగా అప్పుడే పడుతుంది. సిరియన్ రకంలో దీనికి మూలం పేగుల్లో చేరే లాసోనియా అనే బాక్టీరియా.

అందుకే ఆ వారం పెల్లెట్లా (పొడి చేసి నొక్కిన తిండి బిళ్ళలు) గింజలా అన్న ప్రశ్నే వద్దు. షాపులో ఏది తిన్నదో అదే మేలు. కొనేటప్పుడే ఆ తిండి 100 గ్రాములు అడిగి తెచ్చుకోండి. తర్వాత మార్చాలంటే మూడు రోజులు పావు వంతు, మూడు రోజులు సగం, ఇంకో మూడు రోజులు ముప్పావు కొత్తది కలిపి, పదో రోజుకి పూర్తిగా మార్చండి.

ఆ పైన మా ఓటు పెల్లెట్లకే. అందులో మాంసకృత్తులు 16–20 శాతం ఉండాలి. సంతలో దొరికే చోళ్ళు (రాగులు) మంచివే కానీ వాటిలో 7 శాతం దగ్గరే ఉంటాయి. గింజలన్నీ కలిపి పోస్తే హామ్‌స్టర్ పొద్దుతిరుగుడు పప్పులు ఏరుకుని మిగతావి వదిలేస్తుంది. పెద్ద సిరియన్‌కి రోజుకి 10 గ్రాములు చాలు: ముప్పావు పెల్లెట్లు, పావు చోళ్ళో కొర్రలో, పొడిగానే. నానబెట్టినవి వానాకాలం ఉక్కకి గంటల్లో పులుస్తాయి. గిన్నె ఖాళీ అయితే తిన్నదనుకోకండి, బుగ్గల్లో దాచి గూట్లో పోగేస్తుంది. ఆ పోగులో తడివి రోజూ తీసేయాలి.

పచ్చివాటిలో కీరా కన్నా క్యారెట్ నయం, కీరా దాదాపు నీళ్ళే. అదీ గోరంత ముక్క, రెండు వారాలు గడిచాకే.

తోక కింద తడి, దుర్వాసన, ముడుచుకుని కూర్చోవడం కనిపిస్తే మందుల షాపా, పశువైద్యుడా? సందేహమే వద్దు, వైద్యుడే. మనుషుల యాంటీబయాటిక్ అమోక్సిసిలిన్ వేస్తే పేగుల్లోని మేలు చేసే క్రిములు చచ్చి, క్లోస్ట్రిడియం అనే చెడ్డ బాక్టీరియా పెరిగి, దాని విషమే ప్రాణం తీస్తుంది. వెట్ టెయిల్ 2–3 రోజుల్లోనే చంపగలదు కాబట్టి ఆదివారమని ఆగకండి. దారిలో ఓఆర్ఎస్ నీళ్ళు పెదవి పక్కన చుక్కచుక్కగా తాకించండి, నోట్లోకి చిమ్మితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ పంజరంలోని పొట్టు, చెక్క బొమ్మలు పారేసి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే, ఇంట్లో ఇంకో హామ్‌స్టర్ ఉంటే దాన్ని ముట్టుకోండి.