మూడేళ్లుగా రోజూ వాయిస్తున్న ఇంటి డ్రమ్ ప్యాడ్లు

బెంగళూరులో అపార్ట్‌మెంట్‌లో ఉంటూ అసలు డ్రమ్స్ వాయించడం కుదరదు. అందుకే మూడేళ్ల కిందట ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు దొరికే ఎస్పీ రోడ్డుకి వెళ్లి పీజో బిళ్లలు (దెబ్బ తగిలితే వోల్టేజీ పుట్టించేవి), ఆర్డుయినో లియొనార్డో అనే చిన్న కంప్యూటర్ బోర్డు కొనుక్కొచ్చి, దెబ్బను పసిగట్టి కంప్యూటర్‌లో డ్రమ్ శబ్దం మోగించే ఐదు ప్యాడ్ల ట్రిగ్గర్ ఇంట్లోనే చేసుకున్నాను. లియొనార్డోనే ఎందుకంటే, యూఎస్‌బీకి తగిలిస్తే కంప్యూటర్‌కి నేరుగా మిడి పరికరంగా, అంటే ఏది ఎంత గట్టిగా వాయించామో సంకేతాలు పంపే వాద్యంలా కనిపిస్తుంది. ఊనో అనే మరో ఆర్డుయినో బోర్డు అయితే మధ్యలో ఇంకో సాఫ్ట్‌వేర్ నడపాలి.

సర్క్యూట్ తేలికే. గట్టి దెబ్బ పడితే పీజో నుంచి వచ్చే వోల్టేజీ, బోర్డు తట్టుకునే 5 వోల్టులను ఇట్టే దాటేస్తుంది. కాబట్టి ఒక్కో బిళ్లకూ 1 మెగాఓమ్ రెసిస్టర్, అదనపు వోల్టేజీని అడ్డుకునే 5.1 వోల్టుల జీనర్ డయోడ్ తప్పనిసరి. వీటి దగ్గర పొదుపు చేయకండి.

నన్ను నిజంగా ఏడిపించింది టంకం. ఇత్తడి రేకు మీద తెల్లగా ఉండే సిరామిక్‌కి వైరు అతికించేటప్పుడు రెండు క్షణాలు ఎక్కువ వేడి తగిలినా పైపూత లేచిపోతుంది. అతుకు బాగా కుదిరినా రోజూ పడే దెబ్బలకు రెండు నెలల్లో వైరు ఊడింది. ఇప్పుడు అతుకు దగ్గర వైరుని కాస్త వదులుగా వదిలి, బెత్తెడు దూరంలో గ్లూ గన్‌తో ప్లైవుడ్‌కి అంటించాను. ఆ తర్వాత ఒక్కటీ ఊడలేదు.

స్నేర్ డ్రమ్ ప్యాడ్ కొడితే పక్కనున్న టామ్ డ్రమ్ ప్యాడ్ కూడా మోగేది. స్టాండు అదురే కారణమనుకుని ప్రతి ప్యాడ్ కిందా ఫోమ్ వేశాను. సగమే తగ్గింది. మిగతా సగం బోర్డులోనే ఉంది: పీజోలాంటి వాటిని వరుసగా చదివేటప్పుడు ముందు పిన్ను వోల్టేజీ తర్వాతి దాంట్లోకి కొంత వచ్చేస్తుంది. ఒక్కో పిన్నును రెండుసార్లు చదివి, మొదటి విలువను వదిలేసేలా కోడ్ మార్చాక పోయింది. ఒక దెబ్బకు రెండు శబ్దాలు రాకుండా 30 మిల్లీసెకన్ల విరామం పెట్టాను. ఇంకా పెంచితే రోల్ (వెంటవెంటనే పడే దెబ్బలు) వాయించేటప్పుడు దెబ్బలు మింగేస్తుంది.

సెలవులకొచ్చిన మా అక్క కొడుకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వేలితో తట్టి చూసి, "మావయ్యా, మెల్లగా కొడితే మెల్లగానే పలుకుతోంది!" అన్నాడు. రాత్రుళ్లు కూర్చుని కోడ్‌లో అంకెలన్నీ సరిచేసింది దానికోసమే. నాకు చాలా సంతోషమేసింది.

కాలితో పెడల్ తొక్కి వాయించే కిక్ డ్రమ్ విషయంలో మాత్రం హెడ్‌ఫోన్స్ ఉన్నాయన్న ధీమా పనికిరాదు. కింది ఫ్లాట్ పెద్దావిడ, నెల్లూరు వారు, పైకొచ్చి, "బాబూ, రాత్రిపూట పైన ఏదో దంచుతున్నట్టు ఉంటోంది" అన్నారు. మర్నాడే పాత టెన్నిస్ బంతులను సగానికి కోసి ప్లైవుడ్ పలక కింద పెట్టి, పెడల్ దాని మీదకు మార్చాను. వారం తర్వాత నేనే వెళ్లి అడిగితే, ఇప్పుడేం వినిపించడం లేదన్నారు. అయినా తొమ్మిది దాటాక కిక్ ముట్టుకోను.

హై-హ్యాట్ (పెడల్‌తో తెరిచి మూసే జంట తాళాలు) ఒక్కటే ఇంకా లోటు. పెడల్‌కి మామూలు స్విచ్ పెట్టాను కాబట్టి మూసినదీ తెరిచినదీ తప్ప మధ్యలో సగం తెరిచిన శబ్దం రాదు. ఈసారి ఎస్పీ రోడ్డుకి వెళ్లినప్పుడు మధ్య స్థానాలను కూడా చెప్పగల స్లైడ్ పొటెన్షియోమీటర్ తేవాలి.