ఇంట్లో తెలిశాక ఏమైంది? ఐదేళ్లకు పైగా బీఎల్ సిరీస్‌లు చూశాక నా మాట

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ పెట్టిన కొన్నాళ్లకు, 'టుగెదర్' అనే థాయ్ బీఎల్ సిరీస్ చూడటం మొదలుపెట్టాను. బీఎల్ అంటే 'బాయ్స్ లవ్', ఇద్దరబ్బాయిల ప్రేమకథ. అప్పటిదాకా నేను చూసినవన్నీ కొరియన్ డ్రామాలే. 'రిప్లై 1988' అయిపోయాక ఆ సందులోని ఐదు కుటుంబాలను వదిలి రాలేక, ఇంకేదైనా దొరుకుతుందేమోనని వెతుకుతుంటే ఇది కనిపించింది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, దుప్పటి ముసుగులో, అప్పటికి వచ్చిన ఎపిసోడ్లన్నీ తెల్లారేదాకా చూశాను. ఇద్దరబ్బాయిలు, ఒక గిటారు, ఉత్తుత్తి ప్రేమగా మొదలై నిజమైపోయిన ప్రేమ. అలాంటి కథను అంత తేలిగ్గా, ఎవరూ చావకుండా, ఎవరూ సిగ్గుతో తల దించుకోకుండా చెప్పొచ్చని ఆ రాత్రే నాకు తెలిసింది.

ఆ తర్వాత థాయ్, జపాన్, కొరియా, తైవాన్, ఫిలిప్పీన్స్ అన్నీ తిరిగాను. మొదట్లో చూసిన ప్రతిదీ నచ్చేది. ఇప్పుడు నాకంటూ ఒక కొలత ఉంది. ఆ ఇద్దరి సంగతి ఇంట్లో తెలిసినప్పుడు ఏం జరిగింది? ఆ సీన్ రాసే ధైర్యం ఉన్న సిరీస్ నాకు ఏళ్ల తరబడి గుర్తుంటోంది. అమ్మానాన్నలే లేనట్టు కాలేజీ, హాస్టల్ గది, బీచ్ ట్రిప్‌తో నడిచిపోయేవి ఎంత అందంగా తీసినా ఆరు నెలలకు పేర్లు కూడా గుర్తుండట్లేదు.

దీనికి మినహాయింపు 'సోటస్'. 2016లో వచ్చిన థాయ్ సిరీస్. ఇంజినీరింగ్ కాలేజీలో సీనియర్లు జూనియర్లను ర్యాగింగ్ చేసే పద్ధతి చుట్టూ తిరిగే కథ. అందరి మీదా అరిచే సీనియర్ ఆర్తిత్‌కు పింక్ మిల్క్ అంటే ప్రాణం. చూడటానికి అచ్చం మన రోజ్ మిల్క్ లాగే ఉంటుంది. పదిమంది ముందు గుడ్లురిమిన మనిషి ఆ గులాబీ రంగు గ్లాసు పట్టుకుని కూర్చుంటే, జూనియర్ కాంగ్‌పాబ్‌కే కాదు, నాకూ మనసు కరిగిపోయింది. ప్రేమలో పడ్డాక కూడా ఆ జూనియర్ అతన్ని 'ఫీ' అనే పిలుస్తాడు. 'ఫీ' అంటే అన్న, అక్క, మనకన్నా పెద్దవాళ్లెవరైనా.

ఈ పిలుపుల సంగతి కాస్త చెప్పాలి. మనం ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో చూస్తాం కదా, అందులో అందరూ అందరికీ 'యూ'నే. కానీ చెవిపెట్టి వింటే థాయ్ భాష మన భాషలాగే మర్యాదల మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. మాట చివర మగవాళ్లు 'ఖ్రప్' అంటారు, అది మన 'అండి'. దగ్గరి స్నేహితులు 'గూ', 'మెంగ్' అనుకుంటారు, అదంతా 'ఒరేయ్', 'ఏరా' వ్యవహారం. 'బ్యాడ్ బడ్డీ'లో పక్కపక్క ఇళ్లలో పెరిగిన పాట్, ప్రాన్ మొదటినుంచీ ఆ మోటు మాటలతోనే కొట్టుకుంటారు. వాళ్లలో ఒకడు ఉన్నట్టుండి మర్యాదగా, మెత్తగా మాట్లాడాడంటే ఏదో మారిందని అర్థం. 'నువ్వు' అనే మనిషి 'మీరు' అంటే మనకెలా గుండె ఆగుతుందో అలాంటిదే. ఇంగ్లిష్‌లో అది కనిపించదు. తెలుగులో సబ్‌టైటిల్స్ వస్తే పైసా తగ్గకుండా దిగుతుంది. ఎప్పటికైనా ఎవరైనా చేస్తారని నా ఆశ.

'బ్యాడ్ బడ్డీ' గురించి ఇంకో మాట. రెండిళ్ల మధ్య పగ ఉంది, వ్యాపారంలో పోటీ ఉంది, పిల్లలు మాట్లాడుకోవడమే తప్పు. చివర్లో పెద్దవాళ్లు కావలించుకుని ఏడ్చి అందరూ ఒక్కటైపోతారని నేను ఎదురుచూశాను. అలా జరగలేదు. పిల్లలు తమ బతుకు తాము బతుకుతారు, పెద్దలు తెలిసీ తెలియనట్టు ఉండిపోతారు. దర్శకుడు నోపర్నచ్ చైవిమోన్, అభిమానులు ఆఫ్ అని పిలుచుకునే ఆయన, కథను అక్కడే ఆపారు. మొదటిసారి చూసినప్పుడు కోపం వచ్చింది. రెండోసారి చూస్తే మా బంధువుల్లో ఒక కులాంతర పెళ్లి గుర్తొచ్చింది. ఇరవై ఏళ్లయినా ఎవరూ 'ఒప్పుకున్నాం' అని నోటితో అనలేదు, పండక్కి బట్టలు మాత్రం పెడతారు.

ఇల్లూ, ఊరూ కలిసి వచ్చిన థాయ్ సిరీస్ కావాలంటే 'ఐ టోల్డ్ సన్‌సెట్ ఎబౌట్ యూ' చూడండి. 2020లో వచ్చింది, ఐదే ఎపిసోడ్లు. ఫుకెట్ పాతవీధులు, సముద్రం, చైనా నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన కుటుంబాలు. కథానాయకుడు టే. వాళ్లమ్మ నూడుల్స్ కొట్టు నడుపుతుంది. యూనివర్సిటీ ఎంట్రన్స్ కోసం స్నేహితుడు ఓ-ఎవ్‌కు టే చైనీస్ నేర్పుతాడు. కష్టపడి తెచ్చుకున్న తన సీటును ఆ స్నేహితుడి కోసం వదులుకుంటాడు. కొట్టు మీద వచ్చే డబ్బుతో ఇద్దరు కొడుకులను పెంచిన తల్లికి ఆ మాట ఎలా తగులుతుందో ఎంసెట్, నీట్ ర్యాంకుల ఇళ్లలో పెరిగిన మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ ఎపిసోడ్ చూస్తున్నంతసేపూ నాకు టెన్షనే.

అన్నిటికన్నా నాకు దగ్గరైంది జపాన్‌ది, 2019లో వచ్చిన 'వాట్ డిడ్ యు ఈట్ ఎస్టర్‌డే?'. నలభై దాటిన ఇద్దరు మగవాళ్లు. షిరో లాయరు, ఆఫీసులో ఎవరికీ చెప్పుకోడు. కెంజి సెలూన్‌లో జుట్టు కత్తిరిస్తాడు, ఇంట్లో మనిషి గురించి సెలూన్‌కొచ్చినవాళ్లకు సంతోషంగా చెప్పేసుకుంటాడు. మొదటి ఎపిసోడ్‌లోనే దానిమీద గొడవ. షిరో నెలకు ఇద్దరి తిండి ఖర్చు 25,000 యెన్లు దాటకుండా, సూపర్‌మార్కెట్లో ధరలు చూసుకుంటూ కొంటాడు. ఇంటికొచ్చి ఒక పక్క చారు, ఒక పక్క వేపుడు, మధ్యలో ఆకుకూర, అన్నీ ఒకేసారి అయ్యేలా వండుతాడు.

ఇది అమ్మ కంటపడింది. అమ్మకు జపనీస్ రాదు, ఇంగ్లిష్ రాదు. వంట చూసి కూర్చుంది. 'ఏది ముందు పొయ్యి మీద పెట్టాలో ఈ అబ్బాయికి తెలుసే' అంది. రెండో ఎపిసోడ్ సగంలో 'వీళ్లిద్దరూ ఏమవుతారు?' అని అడిగింది. 'కలిసి కాపురం చేస్తున్నారమ్మా' అన్నాను. నా చేతులు చల్లబడ్డాయి. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, 'మరి రోజూ ఇతనే వండాలా? ఆ రెండోవాడు ఒక్కపూటన్నా చెయ్యడా?' అంది. అక్కణ్ణుంచి నేను పక్కన కూర్చుని మాటలు తెలుగులో చెప్పడం, అమ్మ చూడటం అలవాటైపోయింది.

చివరి ఎపిసోడ్‌లో కొత్త సంవత్సరానికి షిరో కెంజిని అమ్మానాన్నల ఇంటికి తీసుకెళ్తాడు. తిరిగొచ్చేటప్పుడు, ఇలాంటి రోజు వస్తుందని కలలో కూడా అనుకోలేదు, ఇక చచ్చిపోయినా ఫర్వాలేదంటూ కెంజి ఏడుస్తాడు. చావు మాట ఎత్తొద్దు, నూనె, తీపి తగ్గించుకుని, చప్పగా తిని చాలాకాలం బతుకుదాం అంటాడు షిరో. ఇంతకన్నా గొప్ప ప్రేమ మాట నేను ఏ డ్రామాలోనూ వినలేదు. నాన్నకు బీపీ వచ్చినప్పటినుంచి మా ఇంట్లో రోజూ వినపడేదీ అదే. 2021లో వచ్చిన సినిమాలో, వచ్చే ఏడు ఆ అబ్బాయిని తీసుకురావద్దని షిరో తల్లిదండ్రులు చెప్పేస్తారు. వాళ్లు దుర్మార్గులేం కాదు, తట్టుకోలేకపోయారంతే. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. 'ఇంటికొచ్చి అన్నం తిన్న పిల్లాణ్ణి మళ్లీ రావద్దంటారా' అని లోపల్నుంచి వినిపించింది.

చైనాది 'ది అన్‌టేమ్డ్' సంగతే వేరు. 2019, 50 ఎపిసోడ్లు. నవలలో ఉన్న ప్రేమను అక్కడి సెన్సార్ వల్ల తెరమీద పైకి చెప్పే వీల్లేదు కాబట్టి, ఒకరినొకరు పూర్తిగా ఎరిగిన మిత్రులుగా చూపించారు. 16 ఏళ్లు ఒక మనిషి కోసం ఎదురుచూసిన లాన్ వాంగ్‌జీ ముఖంలో దాచాల్సింది దాగలేదు. చాలా అందమైన సిరీస్. కానీ 2021 తర్వాత ఆపాటి దాపరికంతో తీయడానికి కూడా అక్కడ దారి మూసుకుపోయింది. ఆ బాధతో కలిపే దాన్ని చూస్తాను.

నచ్చనివి చాలా ఉన్నాయి. తాగినవాణ్ణి, వద్దంటున్నవాణ్ణి బలవంతంగా ముద్దు పెట్టుకోవడాన్ని పాత థాయ్ సిరీస్‌లు ప్రేమగా చూపించాయి. ఎంత పేరున్న సిరీస్ అయినా అది తప్పే. 'నాకు అబ్బాయిలంటే ఇష్టం లేదు, నువ్వొక్కడివే ఇష్టం' అనే డైలాగ్ వింటే మనసు చివుక్కుమంటుంది, కథ మొత్తం ఎవరి గురించో వాళ్లనే పక్కకు నెట్టినట్టు ఉంటుంది. 'టుగెదర్'లోనే గ్రీన్ అనే ఆడంగి అబ్బాయిని నవ్వించడానికి వాడుకున్నారు. అప్పుడు నేనూ నవ్వాను, ఇప్పుడు చూడలేను. కథలో అమ్మాయి ఉంటే చాడీలు చెప్పడానికే ఉంటుంది. ఏడుపు సీన్ మధ్యలో ప్రకటన కోసం ఫేస్‌క్రీమ్ ట్యూబు బయటికి తీస్తారు. తెరమీది జంట బయట కూడా జంటగానే ఉండాలని నటుల వెంట పడే అభిమానులను చూస్తే నాకు భయం వేస్తుంది.

చూడటానికి దొరకడమూ ఒక యజ్ఞమే. థాయ్ నిర్మాణ సంస్థ జీఎంఎంటీవీ వాళ్లు చాలా సిరీస్‌లను యూట్యూబ్‌లో, ఒక్కో ఎపిసోడ్ నాలుగు ముక్కలుగా, ఉచితంగా పెడతారు. డబ్బు కట్టి చూసే ఒక యాప్‌లో మాత్రం నేను సగం చూసిన సిరీస్ ఒకరోజు పొద్దున్నే మాయమైపోయింది.

ఈ ఐదారేళ్లలో థాయ్‌లాండ్‌లో చట్టమే మారింది. 2025 జనవరి 23 నుంచి అక్కడ ఇద్దరబ్బాయిలు చట్టప్రకారం పెళ్లి చేసుకోవచ్చు. తైవాన్‌లో 2019 మే నుంచే ఉంది. మన దగ్గర 2023లో సుప్రీంకోర్టు అందుకు ఒప్పుకోలేదు. పాత సిరీస్‌లో ఉంగరాలు మార్చుకునే సీన్ వస్తే ఇప్పుడు వేరేగా కనిపిస్తోంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు యూనివర్సిటీ కథల జోలికి ముందే వెళ్లకండి. 2023 నాటి 'మూన్‌లైట్ చికెన్'తో మొదలుపెట్టండి, ఎనిమిదే ఎపిసోడ్లు. పట్టాయాలో రాత్రిపూట చికెన్ రైస్ అమ్మే మనిషి, అద్దె బాకీలు, అతను పెంచుతున్న మేనల్లుడు. ఆ కుర్రాడు చెవులు వినపడని అబ్బాయి కోసం సైగల భాష నేర్చుకుంటాడు, కన్న తల్లిదండ్రులు నేర్చుకోనిది.

మేమిద్దరం ఇప్పుడు షిరో, కెంజిల రెండో సీజన్‌లో ఉన్నాం. ఆదివారం భోజనాలయ్యాక పెట్టమని అమ్మ చెప్పింది, ఈసారి నాన్నను కూడా కూర్చోమంటుందట.