వేట హక్కు: మామూలు చట్టం చాలా, రాష్ట్ర రాజ్యాంగ సవరణ కావాలా?

అమెరికా రాష్ట్రాల్లో వేట, తుపాకీ హక్కులు బ్యాలెట్ మీదికి వచ్చినప్పుడల్లా ఇదే ప్రశ్న.

శ్రమ: చట్టానికి సభల్లో మెజారిటీ, గవర్నర్ సంతకం చాలు. సవరణకు దాదాపు అన్ని రాష్ట్రాల్లో జనం ఓటు కావాలి; ఫ్లోరిడాలో అయితే 60 శాతం. 2024లో అక్కడ వేట, చేపల వేట హక్కు దాదాపు 67 శాతంతో గెలిచింది.

ఖర్చు: చట్టానికి తక్కువ. సవరణకు రాష్ట్రమంతా ప్రచారం.

రిస్క్: చట్టాన్ని తర్వాతి సభ మార్చేయగలదు. సవరణను అంత తేలిగ్గా కదపలేరు. దాని బలమూ, ప్రమాదమూ అదే. తుపాకీ ఆంక్షలకు 'కఠిన పరిశీలన' (ఆంక్షకు బలమైన కారణం ఉందని, అది అవసరమైనంత మేరకే ఉందని ప్రభుత్వం నిరూపించాల్సిన కోర్టు పరీక్ష) తప్పదని అయోవా 2022లో రాజ్యాంగంలోనే రాసుకుంది. ఆంక్షను కోర్టులో సవాలు చేస్తే ఆ పరీక్ష నెగ్గాల్సిందే. అమెరికాలో ఓటున్న తెలుగువాళ్లు బ్యాలెట్‌లోని ప్రతి మాటా చదివే ఓటేయాలి.

నియమాలు తరచూ మార్చాల్సిన చోట నా ఓటు చట్టానికే. హక్కునే ఎత్తేస్తారన్న భయం నిజంగా ఉన్నచోట సవరణకు.