దగ్గర ఊళ్ల మధ్య విమానం: ఏటీఆరా, జెట్టా?

దగ్గర ఊళ్లకు ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానం ఏటీఆర్ ఉంటుంది, లేదా జెట్. రెండు ఊళ్ల మధ్య మ్యాప్‌లో 400 కిలోమీటర్లు కనిపిస్తే, అది సరళరేఖ లెక్క. రన్‌వే దిశ, ల్యాండింగ్ వరుస కోసం వేసే మలుపులతో విమానం అంతకంటే ఎక్కువే ఎగురుతుంది.

వేగం: ఏటీఆర్ 72 గంటకు సుమారు 500 కి.మీ., జెట్ అయిన ఎయిర్‌బస్ ఏ320 దాదాపు 830. లెక్క ప్రకారం 400 కి.మీ.కు తేడా 20 నిమిషాల లోపే. అదీ పూర్తిగా మిగలదు. జెట్ పైకెక్కడానికి, దిగడానికే చాలా దూరం పోతుంది, పూర్తి వేగంతో వెళ్లేది కాసేపే. 1,000 కి.మీ. అయితే మాత్రం ఏటీఆర్‌లో మరో ముప్పావుగంట కూర్చోవాలి.

ఖర్చు: ఏటీఆర్ ఇంధనం తక్కువ తాగుతుంది. అలాగని టికెట్ చవకని కాదు. సీట్లే 70 చిల్లర, ఇట్టే నిండిపోతాయి.

కుదుపులు: ఏటీఆర్ 25 వేల అడుగులు దాటదు, మబ్బుల మధ్యే ఎక్కువసేపు ఉంటుంది. భయస్తులకు జెట్టే నయం.

సామాను: ఏటీఆర్‌లో తల మీది అరలు చిన్నవి.

మోత: ఏటీఆర్‌లో ప్రొపెల్లర్లు ముందువైపు ఉంటాయి, వెనక సీటు తీసుకోండి.

500 కి.మీ. లోపు అయితే, కుదుపుల భయం లేకపోతే, ఏది మీ టైముకు ఉంటే అదే ఎక్కండి, విమానం రకం చూడనక్కర్లేదు. అంతకు మించితే, లేదా దిగాక మరో విమానం అందుకోవాల్సిన టెన్షన్ ఉంటే జెట్. రన్‌వే చిన్నదైన ఊరికైతే ఎంచుకునే పని లేదు, ఏటీఆరే.